నైనితాల్: సరస్సు ఒడ్డున, నాలాల మీద నిలిచిన ఊరు

మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి తెలుగువాళ్లకు కొండ మీది విడిది అంటే ఊటీ, కొడైకెనాల్. ఆ రెండు ఊళ్ల సరస్సులూ మనుషులు కట్టించినవే. ఊటీ సరస్సు 1820లలో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివాన్ చొరవతో వచ్చింది. కొడైకెనాల్‌లో మదురై కలెక్టరుగా పనిచేసిన లెవింజ్ దొర 1863లో వాగుకు అడ్డుకట్ట వేయించాడు. ముందు ఊరు, తర్వాత ఊరి ముచ్చట కోసం చెరువు. ఉత్తరాఖండ్‌లో, కుమావూన్ కొండల్లోని నైనితాల్‌లో ఈ వరస తిరగబడింది. అక్కడ సరస్సే ముందు. ఊరు దాని అంచుల్లో చోటు వెతుక్కుని, దొరికినంతలో సర్దుకుంది. ఆ సర్దుబాటులో అందం ఎంత ఉందో, ప్రమాదమూ అంతే ఉంది. ఆ ఊరి 180 ఏళ్ల చరిత్రను దొరల పేర్లతో, బంగళాల పేర్లతో చెప్పడం మామూలు. కానీ కొండ మీద పడ్డ వాన ఎటు పోతుంది అని అడిగితే ఆ చరిత్ర ఇంకా బాగా అర్థమవుతుంది.

సరస్సు నీటిమట్టం సముద్రానికి సుమారు 1,938 మీటర్ల ఎత్తున ఉంటుంది. పొడవు కిలోమీటరున్నర లోపే. వెడల్పు ఎంత ఎక్కువగా ఉన్నచోటైనా 460 మీటర్లు దాటదు. లోతు మాత్రం 27 మీటర్ల దాకా ఉంది. మొత్తం విస్తీర్ణం 50 హెక్టార్ల లోపు, అంటే హుస్సేన్ సాగర్‌లో సుమారు పదో వంతు. ఇంత చిన్న నీటిపట్టుకు అంత లోతు ఎలా వచ్చిందో కింద ఉన్న నేలే చెబుతుంది. సరస్సు పొడవునా భూమిలో ఒక పగులు ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని నైనితాల్ ఫాల్ట్ అంటారు. ఆ పగులుకు నైరుతి వైపున ఉన్న ఆయార్‌పాటా, దేవ్‌పాటా కొండలు సున్నపురాయి, డోలమైట్ రాళ్లవి. ఈశాన్యాన ఉన్న షేర్ కా డాండా పలకరాళ్ల కొండ. ఆ రాయి పొరలుగా విడిపోతుంది, నీరు దిగితే జారుతుంది. వాయవ్యాన అన్నిటికన్నా ఎత్తుగా 2,615 మీటర్ల నైనా శిఖరం నిలిచి ఉంటుంది. ఆగ్నేయపు కొసలో మాత్రమే నీళ్లు బయటికి పోయే సందు ఉంది. ఒక ఒడ్డు గట్టిది, ఒక ఒడ్డు బలహీనమైనది. ఈ తేడా గుర్తుంచుకుంటే ఊళ్లో ఏ కట్టడం ఎక్కడ ఉందో, ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో కారణంతో సహా తెలుస్తుంది.

ఇంగ్లీషువాళ్లు రాకముందు అక్కడ ఊరు లేదు, దైవం ఉంది. స్కాంద పురాణంలోని మానస ఖండం దీన్ని త్రిఋషి సరోవరం అంటుంది. అత్రి, పులస్త్యుడు, పులహుడు దప్పికతో అక్కడికి చేరి, నీళ్లు దొరక్క గుంట తవ్వి, మానస సరోవర జలంతో నింపారని కథ. సతీదేవి కన్నులు పడిన చోటు ఇదేనన్న నమ్మకంతో నైనాదేవిని కొలుస్తారు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు పూజలకు వచ్చి, మొక్కు తీర్చుకుని దిగిపోయేవారు తప్ప ఆ ఒడ్డున కాపురాలు పెట్టలేదు. 1815లో గూర్ఖాల నుంచి కుమావూన్ కంపెనీ చేతికి వచ్చాక, కమిషనరుగా ఉన్న ట్రెయిల్ ఈ సరస్సును చూశాడనీ, స్థలం పవిత్రతను మన్నించి బయట చెప్పలేదనీ అంటారు.

ఆ మౌనం 1841లో చెదిరింది. షాజహాన్‌పూర్ వైపు చక్కెర వ్యాపారం చేసే బారన్ అనే ఇంగ్లీషువాడు తిరుగుతూ తిరుగుతూ ఆ లోయలోకి దిగాడు. చూసినదాన్ని 'పిల్‌గ్రిమ్' అన్న కలంపేరుతో పత్రికలకు రాశాడు. మరుసటి ఏడు మైదానం నుంచి కూలీల భుజాల మీద ఒక పడవను మోయించుకుని మళ్లీ వచ్చాడు. ఆ నీటి మీద తేలిన మొదటి షికారు పడవ అదేనంటారు. ఆ పడవకు ముడిపడిన ఉదంతాన్ని నైనితాల్ చరిత్ర రాసినవాళ్లు ఎవరూ వదల్లేదు. లోయ మీద హక్కున్న నర్సింగ్ అనే స్థానిక పెద్ద, ఈ నేల దేవుడిది, ఇవ్వనని పట్టుబట్టాడు. బారన్ అతన్ని షికారని పడవెక్కించి, సరస్సు నడిమధ్యకు తీసుకెళ్లి, సంతకం పెడతావా, నీళ్లలోకి తోయమంటావా అని బెదిరించి హక్కులు రాయించుకున్నాడు. విడిది ఊళ్ల చరిత్రల్లో దీన్ని సరదా సంఘటనగా చెప్పడం పరిపాటి అయింది. ఈత రాని మనిషిని లోతు నీళ్ల మీద కూర్చోబెట్టి భూమి రాయించుకోవడం దౌర్జన్యం. దాన్ని ఆ మాటతోనే చెప్పాలి.

తర్వాత ఊరు వేగంగా పెరిగింది. బారన్ కట్టుకున్న పిల్‌గ్రిమ్ లాడ్జ్ మొదటి ఇళ్లలో ఒకటి. 1844లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ వచ్చినప్పుడు అడవిలో చర్చికి స్థలం చూశారు. సెయింట్ జాన్ ఇన్ ది వైల్డర్‌నెస్ అన్న పేరు అలా వచ్చింది. 1845 నాటికే పురపాలన ఏర్పడింది. 1857లో రోహిల్‌ఖండ్ భగ్గుమన్నప్పుడు బరేలీ వైపు తెల్ల కుటుంబాలు పారిపోయి తలదాచుకున్నది ఇక్కడే. ఆ అనుభవం తర్వాత ప్రభుత్వానికి ఈ కొండ మీద నమ్మకం పెరిగింది. 1862లో నైనితాల్ వాయవ్య రాష్ట్రాలకు, అంటే నేటి ఉత్తరప్రదేశ్ ప్రాంతానికి, వేసవి రాజధాని అయింది. అలహాబాదు వడగాడ్పుల నుంచి దస్త్రాలు, గుమాస్తాలు, బంట్రోతులు ఏటా కొండెక్కడం మొదలైంది. ఇళ్ల కోసం చెట్లు కొట్టారు, వాలు చదును చేశారు, షేర్ కా డాండా మీద ఎడాపెడా కట్టారు. 1867లో చరియ జారి హెచ్చరించినా కట్టడం ఆగలేదు.

1880 సెప్టెంబరు 16న వాన మొదలైంది. రెండు రోజుల పాటు తెరిపి ఇవ్వలేదు. 18వ తేదీ, శనివారం ఉదయం విక్టోరియా హోటల్ వెనక కొండ కొంత జారి కొందరిని మింగింది. వాళ్లను తవ్వి తీయడానికి సిపాయిలు, అధికారులు, కూలీలు, చుట్టుపక్కలవాళ్లు చేరారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మొత్తం వాలు ఒక్కసారిగా కదిలింది. క్షణాల్లో హోటలు, ఒడ్డున ఉన్న పాత నైనాదేవి గుడి, సభా భవనం మట్టి కింద పడ్డాయి. కాపాడటానికి వచ్చినవాళ్లు కూడా అందులోనే ఉండిపోయారు. మృతులు 151 మంది. అందులో భారతీయులు 108, యూరోపియన్లు 43. చర్చిలోని ఇత్తడి ఫలకం మీద తెల్లవాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ 108 మందిలో చాలామంది పేర్లు ఏ ఫలకం మీదా లేవు. నైనితాల్ అందాన్ని మెచ్చుకునే ఏ వ్యాసమైనా ఆ మాట చెప్పి ముందుకు సాగడం న్యాయం.

ఈ విపత్తు తర్వాత జరిగిన పనే ఆ ఊరి చరిత్రలో అన్నిటికన్నా గొప్పది. పర్యాటక కరపత్రాల్లో అది కనబడదు. కొండ ఎందుకు జారిందో ఇంజనీర్లు వెతికారు. వాలు మీద పడిన నీరు కిందికి పరుగెత్తకుండా పగుళ్లలోకి దిగి, పలకరాళ్ల మధ్య చేరి, పైనున్న బరువును జార్చిందని తేల్చారు. నీటిని భూమిలోకి దిగనివ్వకుండా పట్టుకుని, రాతి కాలువల్లో వేగం తగ్గిస్తూ సరస్సులోకి దించడమే మందు. అలా కొన్ని దశాబ్దాల పాటు కట్టిన నాలాలు అరవైకి పైగా ఉన్నాయి. వాటికి పిల్ల కాలువలు, మెట్లు, మట్టి ఆగే గుంటలు ఉన్నాయి. నిటారు వాలు మీద కట్టడాలకు, చెట్లు కొట్టడానికి, గడ్డి కోయడానికి కట్టుదిట్టాలు వచ్చాయి. సరస్సు ఆగ్నేయపు కొసలో నీటిని వదిలే తూము తలుపులు పెట్టారు. స్థానికులు ఆ చోటును డాంఠ్ అంటారు. ఎప్పుడు ఎంత మట్టం ఉండాలో లెక్క కట్టి వదలడం నేర్చుకున్నారు. అందుకే నైనితాల్‌ను కట్టింది ఆ నాలాలు కట్టినవాళ్లేననడం అతిశయోక్తి కాదు.

ఇంకో పాఠం కూడా నేర్చుకున్నారు: బలహీనమైన ఒడ్డు నుంచి గట్టి ఒడ్డుకు మారడం. షేర్ కా డాండా మీద ఉన్న గవర్నరు బంగళా 1890ల నడుమ పగుళ్లిచ్చింది. దాన్ని వదిలేసి, ఆయార్‌పాటా వైపు కొత్త భవనం మొదలుపెట్టి 1900 నాటికి పూర్తి చేశారు. బొంబాయి విక్టోరియా టెర్మినస్ రూపశిల్పి ఫ్రెడరిక్ స్టీవెన్స్ దీనికి నమూనా గీశాడు. ఇప్పటి రాజ్ భవన్ అదే. 1869లో మొదలైన షేర్‌వుడ్ పాఠశాల కూడా ఆయార్‌పాటా మీదికే చేరింది. సామ్ మానెక్‌షా, అమితాబ్ బచ్చన్ చదివిన బడి అది. 1875లో ఈ ఊళ్లోనే పుట్టిన వేటగాడు, రచయిత జిమ్ కార్బెట్ కుటుంబమూ చరియ భయంతోనే అటువైపు గర్నీ హౌస్ కట్టుకుంది. కార్బెట్ తల్లి మేరీ జేన్ భర్త పోయాక పెద్ద సంసారాన్ని ఇళ్లు అద్దెకిప్పించే, అమ్మిపెట్టే పనితో నెట్టుకొచ్చింది. ఏ వాలు నమ్మదగినదో ఆ రోజుల్లో ఆమె కన్నా బాగా తెలిసినవాళ్లు ఊళ్లో కొద్దిమందే ఉండి ఉంటారు.

అయితే 1880 చరియ ఊరికి ఒకటి ఇచ్చిపోయింది. సరస్సు ఉత్తరపు కొసన కొండ మట్టి పడి చదునైన మేర పెరిగింది. దాన్నే ఫ్లాట్స్ అంటారు. అటూ ఇటూ నిటారు కొండలున్న ఆ ఊళ్లో అంత చదునైన నేల మరొకటి లేదు. ఇప్పుడు ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్ అన్నీ అక్కడే. దాని చుట్టూనే 1883లో తిరిగి కట్టిన నైనాదేవి గుడి, మసీదు, గురుద్వారా, పాత సినిమా హాలు, భోటియా అంగళ్లు ఉన్నాయి. ఏటా భాద్రపద శుద్ధ అష్టమికి నంద, సునందల పండుగ జరుగుతుంది. అరటి బోదెలతో దేవతల రూపాలు మలిచి, పూజించి, ఊరేగించి, చివరికి సరస్సులో నిమజ్జనం చేస్తారు. మన బతుకమ్మ సాగనంపు చూసినవాళ్లకు ఆ ఘట్టం కొత్తగా అనిపించదు. ఆడపడుచును అత్తింటికి పంపుతున్నామన్న భావం అక్కడా ఉంది. పర్యాటకులు మే, జూన్‌లలో వచ్చి పోతారు గనుక ఊరు తన కోసం తాను చేసుకునే ఈ పండుగను చాలామంది చూడనే చూడరు.

సరస్సు చుట్టూ నడకలోనే నైనితాల్ రుచి తెలుస్తుంది. ఉత్తరపు కొస మల్లితాల్, దక్షిణపు కొస తల్లితాల్. రెండింటినీ కలిపే మాల్ రోడ్డు ఈశాన్యపు ఒడ్డు వెంట రెండు వరసలుగా పోతుంది. పైరోడ్డు దొరలది, కిందిరోడ్డు మిగతావాళ్లది అన్న కట్టుబాటు ఒకప్పుడు ఉండేది. ఎండ బాగా పడేది ఇటువైపే. అంగళ్లు, హోటళ్లు, ఊరికి పేరు తెచ్చిన రంగుల కొవ్వొత్తుల దుకాణాలు ఇటే చేరాయి. ఎదుటి ఒడ్డున, ఆయార్‌పాటా నీడలో, ఠండీ సడక్ అనే కాలిబాట ఉంది. పేరుకు తగ్గట్టు చల్లగా ఉంటుంది, బండ్లు రావు. పాషాణ్ దేవి గుడి ఆ బాట మీదే. మాల్ రోడ్డులో ఊరు కనిపిస్తుంది, ఠండీ సడక్‌లో సరస్సు కనిపిస్తుంది. ఒక్క పూటే ఉన్నవాళ్లు ఎంచుకోవలసింది రెండోదే. నీళ్ల మీద తెడ్డు పడవలతోపాటు తెరచాప పడవలూ తిరుగుతాయి. కొండల మధ్య గాలి మాటిమాటికీ దిశ మార్చుకుంటుంది కాబట్టి అక్కడ తెరచాప నడపడం నేర్చినవాడు ఎక్కడైనా నడపగలడని యాచింగ్ చేసేవాళ్లు అంటారు. స్నో వ్యూకు తీగ మార్గంలో ఎక్కితే, మబ్బు లేని ఉదయాన 7,816 మీటర్ల నందాదేవి, పక్కనే త్రిశూల్ కనిపిస్తాయి.

ఈ ఊరితో హైదరాబాదుకు ఒక గట్టి బంధం ఉంది. దాని గురించి మనవాళ్లు చెప్పుకోవలసినంత చెప్పుకోలేదు. నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసిన తండ్రి చేతిలో ఆకాశం చూడటం నేర్చి, నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు 1954లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాలకు సారథి అయ్యారు. అప్పుడది వారణాసిలో ఉండేది. దుమ్ము, దీపాల మధ్య పని సాగదని ఆయన పట్టుబట్టడంతో 1955లో నైనితాల్‌కు మారింది. తర్వాత ఊరికి దగ్గరలోని మనోరా శిఖరం మీద స్థిరపడింది. ఈనాటి ఏరీస్ అనే ఖగోళ పరిశోధన సంస్థ అదే. దాని 3.6 మీటర్ల దూరదర్శిని ఇదే జిల్లాలోని దేవస్థల్‌లో 2016 నుంచి పనిచేస్తోంది. విడిది ఊరు అనగానే తీరిక గుర్తొస్తుంది. కానీ ఆ ఎత్తు, ఆ తేటగాలి నిద్రమానుకుని పనిచేసేవాళ్లకూ అక్కరకొచ్చాయి.

2000 నవంబరులో ఉత్తరాఖండ్ ఏర్పడినప్పుడు పాత సచివాలయ భవనంలోకి హైకోర్టు వచ్చింది. అప్పటికే బడులు, ఆఫీసులు, యాత్రికులతో కిక్కిరిసిన ఊరికి ఇది మరో బరువు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఊళ్లో ఉండేవాళ్లు 41 వేల పైచిలుకే. వేసవి సెలవుల్లో మైదానం నుంచి వచ్చేవాళ్లతో ఆ లెక్క తారుమారవుతుంది. కైంచీ ధామ్‌లోని నీమ్ కరోలీ బాబా ఆశ్రమానికి వచ్చేవాళ్లు పెరిగాక భవాలీ దారి కూడా స్తంభిస్తోంది. తాగే నీళ్లకు ఊరు ఆధారపడేదీ ఆ సరస్సు మీదే.

సరస్సు మీద ఈ ఒత్తిడి రెండు రకాలుగా బయటపడింది. ఒకటి నీటి నాణ్యత. వేసవిలో లోతైన సరస్సులో పైనీరు వెచ్చగా, అడుగు నీరు చల్లగా ఉండి రెండూ కలవవు. మురుగు, మట్టి, నాలాల చెత్త అడుగున కుళ్లి అక్కడి ఆక్సిజన్‌ను తినేస్తాయి. శీతకాలంలో పైనీరు చల్లబడి కిందికి దిగినప్పుడు ఆ ప్రాణవాయువు లేని నీరు పైకి కలిసి చేపలు చచ్చి తేలేవి. 2007 నుంచి అడుగున గొట్టాలు వేసి గాలి పంపుతున్నారు. అది పనిచేసింది. కానీ గాలి యంత్రాల మీద బతికే సరస్సును ఆరోగ్యంగా ఉందనలేం. రోగం నాలాల్లో పడే చెత్తలో ఉంది. ఒకనాడు ఊరిని కాపాడటానికి కట్టిన కాలువలే మురుగును మోస్తున్నాయి.

రెండోది నీటి పరిమాణం. 2016, 2017 వేసవుల్లో మట్టం బాగా పడిపోయి, ఒడ్డున బురద మేటలు తేలాయి. వానలు తగ్గడం ఒక కారణం. అంతకన్నా ఎక్కువ ఆలోచించవలసింది సూఖాతాల్ సంగతి. పెద్ద సరస్సుకు ఎగువన, వానాకాలంలో నిండి తర్వాత ఎండే చిన్న గుంట అది. ఎండిపోతుంది కాబట్టి ఖాళీ స్థలమనుకుని చుట్టూ కట్టడాలు పెట్టారు, శిథిలాలు పోశారు. ఆ గుంటలో ఇంకిన నీరే భూమి లోపలి నుంచి నెలల తరబడి కింది సరస్సును నింపుతోందని జలశాస్త్ర అధ్యయనాలు తేల్చాయి. దాన్ని సుందరీకరించే పనులు అడుగును సిమెంటుతో మూసేస్తాయన్న ఆందోళన హైకోర్టు దాకా వెళ్లింది. నైనితాల్ అర్థం చేసుకోవలసిన సున్నితమైన లెక్క ఇదే. షేర్ కా డాండా వాలు మీద నీరు ఇంకకూడదు, సూఖాతాల్‌లో ఇంకాలి. 1880 తర్వాతి ఇంజనీర్లు మొదటి సగం నేర్పారు. రెండో సగం ఈ తరం నేర్చుకోవాలి, అదీ త్వరగా.

నేల మళ్లీ కదులుతున్న గుర్తులు కనబడుతూనే ఉన్నాయి. 2018 ఆగస్టులో దిగువ మాల్ రోడ్డులో కొంత భాగం సరస్సులోకి జారిపోయింది. 2024 ఆగస్టులో టిఫిన్ టాప్ అనే కొండ కొస మీది డొరొతీ సీటు, తరాల యాత్రికులు ఫొటోలు దిగిన రాతి వేదిక, రాత్రికి రాత్రి కూలింది. అది గట్టి ఒడ్డనుకున్న ఆయార్‌పాటా మీదే ఉంది.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవాళ్లకు ఢిల్లీ నుంచి కాఠ్‌గోదాం దాకా రైలు, అక్కడి నుంచి 35 కిలోమీటర్ల లోపు ఘాట్ రోడ్డు. వానలు వెనకబట్టాక, సెప్టెంబరు ఆఖరు నుంచి నవంబరు దాకా వెళితే ఆకాశం తేటగా ఉంటుంది, సరస్సు నిండుగా ఉంటుంది, ఊరు తన మామూలు నడకలో ఉంటుంది. సొంత బండి అయితే ఊరి బయట ఆపి షటిల్ ఎక్కడం వెళ్లేవాళ్లకీ మేలు, ఊరికీ మేలు. భీమ్‌తాల్, సాత్‌తాల్, నౌకుచియాతాల్ ఇదే జిల్లాలో ఉన్నాయి. బస అక్కడ పెట్టుకుని నైనితాల్‌ను ఒక పగలు చూసి రావడం ఇప్పటి రద్దీలో మంచి ఆలోచన.

తల్లితాల్‌లో బస్సు దిగగానే అందరూ సరస్సు వైపు తిరుగుతారు. రెండో వైపు డాంఠ్ కింద నుంచి బలియా నాలా బయలుదేరి, లోతైన కొండవాగై, గౌలా నదిలో కలుస్తుంది. సరస్సు పొంగు మొత్తానికి బయటి దారి అదొక్కటే. 1898లో ఆ వాగు గట్టు విరిగి 28 మంది చనిపోయారు. ఆ గట్లు నేటికీ కోసుకుపోతూనే ఉన్నాయి. వాటి పైనున్న కుటుంబాలను గత కొన్నేళ్లుగా ఖాళీ చేయిస్తున్నారు. ఊరి మెట్టకు పునాది ఆ వాలే కాబట్టి, నైనితాల్‌కు ఖర్చుపెట్టే ప్రతి రూపాయిలో మొదటి వాటా మాల్ రోడ్డు దీపాలకు కాక బలియా నాలా గట్లకు దక్కాలి.